తోరణము వచ్చినది, బండి రావలసియున్నది

బేగంపేట రైల్వే స్టేషనుకు 2025 మే 22వ తేదీన మహర్దశ పట్టినది. ప్రధానమంత్రిగారు రాజస్థానమునందలి బికనీరు జిల్లా నుండియే ప్రారంభోత్సవము గావింపగా, దేశమునందలి 103 స్టేషనులు ఒక్క ముహూర్తమున నూతన వస్త్రములు ధరించి లోకమునకు దర్శనమిచ్చెను; వానిలో బేగంపేటయు నొకటి. అంతటి ఎడారి నుండి ఇంతటి నగరమునకు ప్రారంభోత్సవము వచ్చి చేరుటకు రెప్పపాటు కాలమైనను పట్టలేదు గాని, లింగంపల్లిలో బయలుదేరిన లోకలు బండి అదే బేగంపేటకు నికరముగా ఎన్ని గంటలకు వచ్చునో గుణించి చెప్పగల సిద్ధాంతి జంటనగరములలో ఇంకను పుట్టవలసియే యున్నాడు.

ఈ మార్గమునకు పుట్టుక నుండియు ప్రయాణికుని గూర్చిన చింత కొంచెము తక్కువయే. 1874లో వాడి జంక్షను నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చునప్పటికి నిజాము మహబూబ్ అలీఖాన్ ఎనిమిదేండ్ల బాలుడు. ఆ యీడు పిల్లలు రైలు కావలెనని మారాము చేయుట లోకసహజమే గాని, ఇచ్చట మారాము చేసినది ఆంగ్లేయ ప్రభుత్వము. కావలసినది సికింద్రాబాదు కంటోన్మెంటునకు. ఖర్చు మాత్రము బాలుని ఖజానాది. తరువాత 1883లో ఆ దారిని చాందా వఱకు పొడిగించు బేరము లండను పెట్టుబడిదారులతో సాగుచుండగా, దాని లోగుట్టు మాకును తెలుపుడని హైదరాబాదు పౌరులు కొందఱు సంఘముగా ఏర్పడి అడిగిరి. అడిగినవారిలో సరోజినీ నాయుడుగారి తండ్రియగు అఘోరనాథ చట్టోపాధ్యాయులవారొకరు. ప్రభుత్వము లెక్కలు చెప్పుటకు మాఱుగా ఆయనను రాజ్యము వెలుపలికి సాగనంపి, వాటాదారులకు మాత్రము 20 ఏండ్లపాటు ఏటికి 5 శాతము వడ్డీ తప్పదని హామీపత్రము వ్రాసియిచ్చెను. ఎన్నడును ఈ బండి యెక్కని లండను దొరకు కాగితముపై హామీ, ప్లాట్‌ఫారముపై నిలుచున్న మనవానికి నోటిమాటగా ఓదార్పు: ఈ న్యాయము నేటికిని చెక్కుచెదరలేదు.

నిజాము రైల్వే 1951లో భారతీయ రైల్వేలలో లీనమైనది; 1966లో దక్షిణమధ్య రైల్వే యేర్పడినది; 2003 ఆగస్టు 9న ఎం.ఎం.టి.ఎస్. అను లోకలు బండ్లు బయలుదేరినవి. రాష్ట్రమును రైల్వేయు చెఱిసగము పెట్టుకొని నడిపిన ఈ యేర్పాటులో చౌకదనమున్నది, సదుద్దేశమున్నది. లేనివల్లా సొంత పట్టాలే. దూరదేశములకు పోవు ఎక్స్‌ప్రెస్సులును, బొగ్గు మోయు గూడ్సులును పరుగెత్తు దారిలోనే ఈ చిన్నబండ్లును నడువవలెను గనుక, పెద్దవారు వచ్చినప్పుడెల్ల ఇవి ఒదిగి నిలువక తప్పదు. సాయంకాలమున ఏ శివారు స్టేషనులోనైనను ఐదు నిమిషములు చెవియొగ్గినచో ఈ శాస్త్రము సులభముగా బోధపడును. మెడలో ఆఫీసు బిళ్ల వ్రేలాడుచున్న కుఱ్ఱవాడొకడు ఫోనులో గంట చూచుకొని, పూలగంప ప్రక్కన చతికిలబడిన ముసలమ్మను, "అవ్వా, లింగంపల్లి బండి పోయిందా?" అని అడుగును. "యాడ పోయింది బిడ్డా! ఔటర్ల ఆపిండ్రట. ఎక్స్‌ప్రెస్ పోవాలె గద!" అని ఆమె, రైల్వే నిపుణులు నివేదికలలో పుటలకొలది వివరించు విషయమును రెండు ముక్కలలో తేల్చి, తెగిన దారమును పంటితో సరిచేసికొని, మాల కట్టుటలో నిమగ్నమగును.

ఈ కష్టమునకు విరుగుడుగా రెండవ దశ యొకటి 2012-13లో మంజూరైనది. ఖర్చులో రెండు వంతులు రాష్ట్రమును, ఒక వంతు రైల్వేయు భరింపవలెనని ఒడంబడిక. సొమ్ము రాలేదని వీరును, పని కాలేదని వారును ఉత్తరప్రత్యుత్తరములు నడుపుచుండగా, మేడ్చలునకు 2023లోను, ఘటకేసరునకు 2024లోను బండ్లు పోయినవి. ఆ దశాబ్దకాలమున ఈ మార్గముపై ఆలస్యము లేకుండ నడచినవి ఆ ఉత్తరములు మాత్రమే.

ఇక 26 కోట్ల పైచిలుకు రూపాయలతో బేగంపేటకు జరిగిన అలంకారమునకు వత్తము. లిఫ్టు వలన మోకాళ్ల నొప్పులవారికి కలిగిన మేలును కాదనువాడు కృతఘ్నుడు. అయితే ఈ స్టేషను కాకతీయ శిల్పకళాస్ఫూర్తితో రూపొందినదని ప్రభుత్వమువారు ప్రకటించిరి గనుక, కాకతీయులను గూర్చి ఒక్కమాట చెప్పక తప్పదు. వారి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించినప్పుడు, దాని చెంతనే చెఱువును త్రవ్వించెను; ఎనిమిది శతాబ్దములు గడచినను ఆ నీటితో నేటికిని పొలములు పండుచున్నవి. గుడి చూచుటకు, చెఱువు బ్రదుకుటకు అని వారి లెక్క. మనము వారి స్తంభములను, తోరణములను భక్తితో నగరమునకు తెచ్చుకొంటిమి. చెఱువును మాత్రము పాలంపేటలోనే విడిచి వచ్చితిమి.

దీనికి ఎవ్వరిని నిందింపను, కారణము తేటతెల్లమే. గోడకు తెర కట్టవచ్చును, తెరకు త్రాడు కట్టవచ్చును, త్రాటిని లాగుచు ఛాయాచిత్రము తీయించుకొనవచ్చును. పది నిమిషములకొక బండి అను మాటకు తెర ఎచ్చట కట్టుదురు? శివారు బండికి విడిగా వేసిన పట్టా జత పొదలలో పడియుండును. దానిప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొన్న నాయకుడు దారి తప్పినవానివలె కానవచ్చునే గాని దార్శనికునివలె కానరాడు. స్టేషను దిగినవానిని ఇంటికి చేర్చు సిటీబస్సు వేళకు గుమ్మములో నిలుచుట పరమోపకారమే. అయినను ఆ ఉపకారముపై శిలాఫలకము నిలువదు. ఆవిష్కరణకు లొంగనిది అంచనాలలోనికి ఎక్కదు.

కావున రైల్వేవారికి నా విన్నపమిది. ఉదయము ఆఫీసుల వేళకు రావలసిన బండికి ప్రతిదినమును ప్లాట్‌ఫారము మొదట రిబ్బను కట్టుడు. కత్తెర పట్టుకొని నిలుచుటకు దినమునకొక మంత్రివర్యుని నియమింపుడు. బాజాభజంత్రీల ఖర్చు సీజన్ టిక్కెట్టుదారులమే చందాలెత్తి భరింతుము. అంతటి ముహూర్తమున లోకలును ఔటరులో ఆపి తాను ముందు పోవు సాహసము ఏ ఎక్స్‌ప్రెస్సు చేయగలదు? మంత్రివర్యులే ఆలస్యముగా వచ్చినచో ఎట్లని మీరు శంకింపవచ్చును. ఆ దినమునను మాకు లాభమే. ఆలస్యమునకు కారకులెవరో పేరుతోసహా ప్రయాణికులకు తెలియుట ఈ మార్గపు నూటయేబదియేండ్ల చరిత్రలో అదియే ప్రథమమగును. అడిగినందుకు ఎవ్వరిని రాజ్యము వెలుపలికి సాగనంపవలసిన శ్రమయు మీకు తప్పును.