ప్రశ్నకర్త మనసెరిగి

అమెరికాలో డిగ్రీ చదువుకు దరఖాస్తు చేసుకొనే హైస్కూలు విద్యార్థులు రాసే శాట్ పరీక్షలో ఇంగ్లీషు భాషకు ఒక భాగం, గణితానికి ఒక భాగం ఉంటాయి. ఒక్కొక్క భాగానికి 200 నుంచి 800 వరకు మార్కులు వేసి, రెండింటినీ కలిపి 1600కు లెక్కగడతారు. కనిష్ఠం 400 కావడం వల్ల ఒక్క ప్రశ్నకైనా సరైన సమాధానం రాయని విద్యార్థికి సైతం నాలుగు వందలు ముడతాయన్న సంగతి, ఎంసెట్‌లో ఒక్క మార్కు తేడాతో ర్యాంకు ఎంత దూరం జారిపోతుందో స్వయంగా చూసి వచ్చిన తెలుగు తల్లిదండ్రులకు మొదట్లో ఏదో దానధర్మంలా తోస్తుంది. ఆ ఉదారభావం ఎక్కువ కాలం నిలవదు. న్యూజెర్సీలోనైనా, టెక్సస్‌లోనైనా తెలుగు ఇళ్లలో 1600 వచ్చిన వారింటికి అభినందించడానికి వెళతారు, 1500 వచ్చిన వారింటికి పరామర్శకు వెళతారు.

ఈ పరీక్షకు సాధన చేయడమంటే పాత ప్రశ్నపత్రాన్ని గడియారం ఎదురుగా పెట్టుకొని పూర్తి చేయడం, ఆ తరువాత సమాధానాలను కీతో సరిచూసుకోవడం, చివరగా తప్పిపోయిన ప్రతి ప్రశ్నకూ ఇచ్చిన వివరణను చదవడం. పాండిత్యమంతా ఈ చివరి మెట్టులోనే ఉంది. ఒక ప్రశ్నకు నాలుగు ఐచ్ఛికాలుంటే, వాటిలో ఒకటి ఎందుకు ఒప్పో, తక్కిన మూడూ ఎందుకు తప్పో విడివిడిగా నిరూపించే ఈ వివరణలు క్లుప్తతలో తప్ప మరి దేనిలోనూ సంస్కృత కావ్య వ్యాఖ్యానాలకు తీసిపోవు. మూలం మూడు వాక్యాలుంటే వ్యాఖ్య మూడు పేరాలుంటుంది. నెలల తరబడి వీటిని చదివిన విద్యార్థికి ఇంగ్లీషు ఎంత వంటబట్టింది, గణితం ఎంత అబ్బింది అన్నవి నిపుణులు తేల్చవలసిన విషయాలు కాగా, ప్రశ్న తయారుచేసినవాడి స్వభావం మాత్రం సందేహానికి తావు లేకుండా తెలిసిపోతుంది. ఆయన ఎక్కడ గొయ్యి తవ్వుతాడో, దానిమీద ఏ ఆకులు పరుస్తాడో, ఏ మాట వాడితే నమ్మకూడదో విద్యార్థి కంఠతా చెప్పగలుగుతాడు. కుటుంబ సభ్యులలో ఎవరి స్వభావమూ ఆ ఇంట్లో ఇంత శ్రద్ధగా అధ్యయనానికి నోచుకోదు.

విచిత్రమేమంటే ఈ పరీక్ష సాధనకు లొంగదన్న భరోసాతోనే పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికులకు పెట్టిన మేధా పరీక్షల అనుభవంతో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ బ్రిగమ్ దీనిని రూపొందించగా, 1926 జూన్ 23న ఎనిమిది వేల మందికి పైగా విద్యార్థులు తొలిసారి రాశారు. 97 నిమిషాల్లో 315 ప్రశ్నలు ఇచ్చిన ఆ పత్రంలో ఒక్కొక్క ప్రశ్నకు పందొమ్మిది సెకన్లయినా దక్కలేదు. పైగా అందులో ఒక కృత్రిమ భాషను అప్పటికప్పుడు నేర్చుకొని అనువదించవలసిన భాగం కూడా ఉండేది. జాతులకూ తెలివికీ ముడిపెడుతూ 1923లో తాను రాసిన పుస్తకంలోని నిర్ధారణలు నిలబడవని బ్రిగమ్ 1930లో తానే ప్రకటించాడు గాని, పరీక్ష మాత్రం అప్పటికే ఆయన మాట వినే వయసు దాటిపోయింది. దాని పేరులోని నడిమి అక్షరం సహజమైన శక్తిని, అంటే బడిలో నేర్పిన పాఠానికి అతీతంగా మనిషిలో ఉన్న సామర్థ్యాన్ని సూచించేది. సహజశక్తిని ఎవరూ బట్టీ పట్టలేరు గనుక కోచింగ్ వల్ల ఫలితముండదని నిర్వాహకులు దశాబ్దాల పాటు చెబుతూ వచ్చారు.

బ్రూక్లిన్‌లో తన ఇంటి నేలమాళిగలో ట్యూషన్లు చెప్పుకొనే స్టాన్లీ కాప్లాన్ ఈ మాటను నమ్మలేదు. 1946లో ఒక విద్యార్థిని ఈ పరీక్షకు తయారుచేయమని కోరినప్పటి నుంచి ఆయన దానిని వృత్తిగా చేసుకొన్నాడు. ఆ కాలంలో ప్రశ్నపత్రాలు రహస్యం. పరీక్ష ముగిశాక బయటికి వచ్చేవి కావు. అందువల్ల ఆయన పరీక్ష రాసి వచ్చిన పిల్లలకు విందు ఏర్పాటు చేసి, తలకొక ప్రశ్న చొప్పున గుర్తున్నవి చెప్పించుకొని కూడబెట్టేవాడు. పరీక్షా కేంద్రం గేటు దగ్గర నిలబడి బయటికి వచ్చే పిల్లల్ని ప్రశ్నలడిగి సాయంత్రానికల్లా కీ తయారుచేసే మన కార్పొరేట్ కాలేజీ లెక్చరర్ల పద్ధతికి ఇది సముద్రం అవతలి పూర్వరూపం. విందు ఒక్కటే మనవారు వదిలిపెట్టారు. 1979లో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారించి, కోచింగ్ వల్ల మార్కులు కొంత మేర పెరుగుతున్నాయని నివేదిక ఇచ్చాక సహజశక్తి వాదం నీరసించింది. 1990లో ఆ నడిమి అక్షరానికి అర్థం మార్చారు. 1990ల చివరికి వచ్చేసరికి ఆ మూడు అక్షరాలకూ అసలు అర్థమే లేదని, శాట్ అంటే శాట్ మాత్రమేనని తేల్చారు. 2015 నాటికి, సాధన పనికిరాదన్న సంస్థే, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీతో కలిసి ఉచితంగా సాధన చేయించడం మొదలుపెట్టింది.

ప్రశ్నకర్త కళాకౌశలమంతా తప్పు సమాధానాల తయారీలో ఉంటుంది. వీటిని ఆ రంగంలో డిస్ట్రాక్టర్లు అంటారు. అంటే చూడగానే ఒప్పులా కనిపించి, తొందరపడినవాడిని పక్కదారి పట్టించే ఐచ్ఛికాలు. ఒక సమీకరణం ఇచ్చి ఎక్స్ విలువ కాక రెండు ఎక్స్ కూడిక ఒకటి ఎంతో అడిగి, ఎక్స్ విలువను మాత్రం మొదటి ఐచ్ఛికంగా ముచ్చటగా పెట్టడం వీటిలో అతి ప్రాచీనమైనది. లెక్కంతా సరిగ్గా చేసి, చివరి మెట్టు ఎక్కకుండానే సంతోషించిన విద్యార్థి అక్కడే పడతాడు. 1981లో మొదలైన ప్రిన్స్‌టన్ రివ్యూ అనే కోచింగ్ సంస్థ ఈ రహస్యాన్ని గ్రహించి జో బ్లాగ్స్ అనే సగటు విద్యార్థిని సృష్టించింది. తెలుగు పాఠకుడు అతనిని సుబ్బారావు అనుకోవచ్చు. సుబ్బారావు మూర్ఖుడు కాడు. మనసుకు మొదట తట్టిన సమాధానాన్ని గుర్తిస్తాడు, అంతే. ప్రశ్నలు సులువు నుంచి కష్టానికి వరుసగా ఉండే ఆ రోజుల్లో మొదటి ప్రశ్నలన్నీ సుబ్బారావుకు ఒప్పవుతాయి, చివరి ప్రశ్నలన్నీ తప్పవుతాయి. కనుక కష్టమైన ప్రశ్న ఎదురైనప్పుడు లెక్క చేయనక్కరలేదు. సుబ్బారావు ఏది గుర్తిస్తాడో ఊహించి, దానిని కొట్టివేస్తే చాలు. గణితశాస్త్ర చరిత్రలో ఒక కల్పిత వ్యక్తి అజ్ఞానం ఇంతమందికి ఉపయోగపడిన ఉదాహరణ మరొకటి కనిపించదు.

ప్రశ్నకర్త మనసెరగడం ఎంత ప్రమాదకరమో 1982 మే పరీక్షలో వచ్చిన ఒక వృత్తాల లెక్క చూపుతుంది. పెద్ద వృత్తం వ్యాసార్ధంలో మూడో వంతు వ్యాసార్ధం ఉన్న చిన్న వృత్తం, పెద్దదాని అంచు వెంట దొర్లుతూ బయలుదేరిన చోటికి వచ్చేసరికి ఎన్నిసార్లు తిరుగుతుందన్నది ప్రశ్న. పరిధులు ఒకటికి మూడు నిష్పత్తిలో ఉన్నాయి గనుక జవాబు మూడని ప్రశ్నకర్త అనుకొన్నాడు, మూడే రావాలని ఆయన అనుకొని ఉంటాడని బాగా సాధన చేసిన విద్యార్థులూ అనుకొన్నారు. కాని చిన్న వృత్తపు కేంద్రం నడిచే దారి పెద్ద వృత్తపు అంచు మీద కాక, దానికి అవతల చిన్న వ్యాసార్ధమంత దూరంలో, నాలుగు రెట్ల వ్యాసార్ధమున్న వృత్తం మీద ఉంటుంది. అందువల్ల తిరుగుళ్లు నాలుగు. నమ్మనివారు ఒక రూపాయి బిళ్ల చుట్టూ మరో రూపాయి బిళ్లను దొర్లించి చూడవచ్చు. ఒకసారి తిరుగుతుందనుకొన్నది రెండుసార్లు తిరుగుతుంది. ఇచ్చిన అయిదు ఐచ్ఛికాల్లో నాలుగు లేనే లేదు. దాదాపు మూడు లక్షల మంది రాసిన ఆ పరీక్షలో ముగ్గురు విద్యార్థులు మాత్రం పొరపాటును ఎత్తిచూపుతూ ఉత్తరాలు రాయగా, చివరికి ఆ ప్రశ్నను తొలగించి మార్కులు మళ్లీ లెక్కించారు. అంతకు ముందు, శాట్‌కు ముందు రాసే ప్రాథమిక పరీక్షలో 1980లో, రెండు పిరమిడ్లను అతికిస్తే ఎన్ని ముఖాలు మిగులుతాయన్న ప్రశ్నకు ఏడని కీ చెబితే, ఫ్లోరిడాకు చెందిన ఒక కుర్రవాడు నమూనా చేసి అయిదేనని నిరూపించాడు. ఈ పిల్లలకు సాధన తక్కువైందని కోచింగ్ శాస్త్రం తీర్పు చెప్పవలసి ఉంటుంది.

ఇంగ్లీషు భాగం చరిత్ర వేరు, దానితో తెలుగువారి బంధుత్వం కొంత దగ్గరది. ఒకప్పుడు వెర్బల్ అని పిలిచిన ఈ భాగంలో వ్యతిరేకపదాలు, అనాలజీలు ఉండేవి. అనాలజీ అంటే రెండు మాటల నడుమ ఉన్న సంబంధాన్ని గ్రహించి, అదే సంబంధం గల మరో జంటను ఎన్నుకోవడం. పరుగు పందెగాడికి మారథాన్ ఎలాగో, తెడ్డు వేసేవాడికి రెగట్టా అలాగని గుర్తించవలసిన ఒక అనాలజీ, సంపన్నుల పిల్లలకే అనుకూలమన్న విమర్శకు గురై ప్రసిద్ధికెక్కింది. కోనసీమలో పుట్టినవాడికి పడవా తెలుసు, తెడ్డూ తెలుసు; ఆ క్రీడోత్సవపు పేరు తెలియకపోవడమే అతని సహజశక్తిలోని లోపమైంది. ఈ తరహా ప్రశ్నలు జీఆర్ఈలోనూ ఉన్న రోజుల్లో, అమెరికాలో ఎం.ఎస్. చేయదలచిన తెలుగు ఇంజినీర్లు హైదరాబాదు కోచింగ్ కేంద్రాల్లో బ్యారన్స్ పుస్తకంలోని సుమారు 3,500 మాటల పట్టికను బట్టీ పట్టారు. అబేస్, అబాష్, అబేట్ అని మొదలయ్యే ఆ పట్టికలో మొదటి పేజీలు నలిగిపోయినంతగా చివరి పేజీలు నలగలేదన్నది పాత పుస్తకాల దుకాణాల్లో ఎవరైనా పరిశీలించగల సత్యం. ఒక తరానికి తరం ఇంగ్లీషులో మొదటి అక్షరం దగ్గర ఉద్దండ పండితులుగా, మూడో అక్షరం దాటాక సామాన్యులుగా స్థిరపడింది.

ఆ తరమే ఇప్పుడు తల్లిదండ్రులై, కూడబెట్టిన పదసంపదను పిల్లలకు అప్పగించడానికి సిద్ధపడేసరికి పుచ్చుకొనేవారు లేకుండా పోయారు. శాట్‌లో వ్యతిరేకపదాలు 1994లో, అనాలజీలు 2005లో పోయాయి. 2016 సంస్కరణతో అరుదైన పదాల ఆరాధన కూడా ముగిసింది. ఇప్పుడున్నవి చిన్న చిన్న పేరాలు, పేరాకొక ప్రశ్న. ఖాళీలో ఏ మాట పెట్టాలి, ఇక్కడ కామా రావాలా సెమికోలన్ రావాలా, ఈ రెండు వాక్యాలను ‘అందువల్ల’తో కలపాలా ‘అయినప్పటికీ’తో కలపాలా అన్న తరహా విచారణే ఎక్కువ. వీటిలో కఠినమైనవి అనుమితి ప్రశ్నలు. పేరాలో నేరుగా చెప్పని విషయాన్ని చెప్పినదాని ఆధారంగా ఊహించమంటాయి. ఊహించమన్నారు గదా అని ఊహిస్తే తప్పవుతుంది. పేరాలో ఉన్నదానిని దాటి అంగుళమైనా వెళ్లకూడదు. పేరా తేనెటీగల గురించి అయి, విద్యార్థికి తేనెటీగల గురించి నిజంగా తెలిసి ఉంటే అతని పరిస్థితి మరీ అపాయకరం. ఒక ఐచ్ఛికంలో ‘ఎల్లప్పుడూ’ అని ఉంటే సందేహించాలని, ‘కొన్ని సందర్భాల్లో’ అని ఉంటే ఆదరించాలని సాధన నేర్పుతుంది. ఈ శిక్షణ పొందిన పిల్లవాడిని అన్నం తిన్నావా అని తల్లి అడిగితే, అందుబాటులో ఉన్న ఆధారాలను బట్టి కొంత మేరకు తిని ఉండవచ్చుననే సమాధానం వస్తుంది.

గణితంలో తండ్రికి మొదట ఆశాభంగం కలిగించేది క్యాలిక్యులేటర్. ఎంసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలను చేత్తో చేసిన వ్యక్తికి, 70 నిమిషాల్లో 44 లెక్కలకు పరీక్షా సాఫ్ట్‌వేర్‌లోనే డెస్మోస్ అనే గ్రాఫులు గీసే యంత్రాన్ని సమకూర్చడం పోటీని అవమానించడంగా కనిపిస్తుంది. ఆయన రెండు సమీకరణాలను ప్రతిక్షేపణ పద్ధతిలో, మెట్టు మెట్టుకూ కారణం రాస్తూ సాధించే లోపల, కూతురు ఆ రెండింటినీ డెస్మోస్‌లో టైపు చేసి గీతలు ఖండించుకొన్న చోట వేలు పెట్టి చూపుతుంది. అంతకన్నా బాధ కలిగించే ప్రశ్నలు మరి కొన్ని ఉన్నాయి. ప్లంబరు ఇంటికి వచ్చినందుకు 60 డాలర్లు, ఆపైన గంటకు 45 డాలర్లు తీసుకొంటాడని సమీకరణం ఇచ్చి, అందులో 45 దేనిని సూచిస్తుందని మాత్రమే అడుగుతారు. తండ్రి కాగితం తీసుకొని, ఎన్ని గంటలు పనిచేశాడో ఇవ్వలేదని ఆక్షేపిస్తాడు. “నాన్నా, లెక్క చేయమని అడగలేదు” అని కూతురు చెప్పినా, చేయనక్కరలేని లెక్కను గణితంలో ఎందుకు పెట్టారన్న ఆయన సందేహం తీరదు. అది న్యాయమైన సందేహమే.

విదేశాల్లో 2023 నుంచి, అమెరికాలో 2024 నుంచి పరీక్ష పూర్తిగా కంప్యూటరు మీదికి మారి, అడాప్టివ్ పద్ధతిలో నడుస్తోంది. అంటే ప్రతి భాగాన్నీ మాడ్యూల్ అనే రెండు ముక్కలుగా చేసి, మొదటి ముక్క ఎలా రాశారన్నదానిని బట్టి రెండో ముక్కను కష్టంగానో సులువుగానో ఇస్తారు. సులువైన ముక్క వచ్చినవారికి పై స్థాయి మార్కులు అందవు. దీనివల్ల మానవ భావోద్వేగాలు తలకిందులయ్యాయి. రెండో మాడ్యూల్‌లో ప్రశ్నలు అర్థం కాకపోతే విద్యార్థి ముఖం వికసిస్తుంది, చకచకా జవాబులు వస్తే గుండె జారిపోతుంది. పరీక్ష ఎలా ఉందని ఫోనులో అడిగిన అమ్మమ్మకు సులువుగా ఉందని చెప్పి పిల్లవాడు ఎందుకు ఏడుస్తున్నాడో, చాలా కష్టంగా ఉందని చెప్పిన పక్కింటి పిల్ల ఇంట్లో ఎందుకు స్వీట్లు పంచుతున్నారో విజయవాడలో ఉన్న ఆమెకు వివరించడం అడాప్టివ్ పద్ధతి కంటే కష్టం.

కోవిడ్ కాలంలో అనేక విశ్వవిద్యాలయాలు ఈ పరీక్షను ఐచ్ఛికం చేసినప్పుడు, అంటే ఇష్టమైతే మార్కులు పంపవచ్చునని ప్రకటించినప్పుడు, ఇష్టమన్నది ఇతరులకు వర్తించే సౌకర్యమనే నిర్ణయానికి రావడానికి తెలుగు కుటుంబాలకు ఎక్కువ సమయం పట్టలేదు. 2022లో ఎంఐటీ, 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్ మళ్లీ పరీక్షా ఫలితాలను కోరడం మొదలుపెట్టడంతో ఆ నిర్ణయానికి శాస్త్రీయమైన ఆమోదం కూడా లభించింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మాత్రం ప్రవేశాల నిర్ణయంలో ఈ మార్కులను పంపినా చూడనని చెప్పి, ఆ మాట మీదే నిలబడింది. అయినా కాలిఫోర్నియాలో పరీక్షా కేంద్రాలు చాలక, సీటు దొరికిన చోటికి, అవసరమైతే పొరుగు రాష్ట్రం దాకా కారులో వెళ్లి శాట్ రాసే కుటుంబాలున్నాయి. దారి పొడవునా వెనుక సీటులో ఒక మాక్ టెస్టు పూర్తవుతుంది గనుక ఆ ప్రయాణాన్ని ఎవరూ వృథా అనరు.