అమ్మమ్మ చాయ

అమ్మమ్మ మొహాన్ని నేను తెల్లగా చేశాను. ఎవరూ అడగలేదు, నాకై నేనే చేశాను.

ఆవిడ పోయాక పెరటి గోడకు టైల్ ముక్కలతో ఆవిడ మొజాయిక్ బొమ్మ కూర్చాలనుకున్నాను. అందుకు ఎంచుకున్నది అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నప్పటి ఫొటో. పొద్దుటెండ ఒక పక్క నుంచి పడుతోంది. ఎడమ చెంప నీడలో ఉంది. నుదుట రూపాయి కాసంత బొట్టు, కళ్ల కింద గీతలు. ఆవిడది మంచి నలుపు.

ఫోన్లో ఆ ఫొటో తెరవగానే నా వేలు నేరుగా బ్రైట్‌నెస్ మీదకు వెళ్లింది. ఆ తర్వాత చర్మం నునుపు చేసే ఫిల్టర్. మొహం కాస్త కళగా ఉంటుందనుకున్నాను. నలుపు తగ్గితేనే కళ అని నన్ను కూర్చోబెట్టి ఎవరూ నేర్పలేదు. పెళ్లిచూపుల కబుర్లలో, బిడ్డ పుట్టగానే రంగేమిటని అడిగే పలకరింపుల్లో వింటూ పెరిగాను. నన్ను పెంచిన మనిషి విషయంలో కూడా ఆ మాటలే నా చేయి పట్టుకుని నడిపించాయి.

మొజాయిక్‌కు ఫొటోను ముందుగా ఎందుకు సిద్ధం చేస్తారో నేను ఆలోచించనే లేదు. ముక్క సెంటీమీటరు చదరం. బోర్డు 60 సెంటీమీటర్ల వెడల్పు, 75 ఎత్తు. మొత్తం దాదాపు 4,500 ముక్కలు. మొహం 30 సెంటీమీటర్ల వెడల్పు వస్తే ఒక్కో కంటికి అడ్డంగా దక్కేవి ఆరే ముక్కలు. ఫొటోలో లక్షల చుక్కలు చెప్పే సంగతిని ఈ కాసిని ముక్కలే చెప్పాలి. అందుకే ఫొటోను నలుపు తెలుపు చేసి, పోస్టరైజ్ చేస్తారు, అంటే వెలుగునీడలను నాలుగైదు మెట్లకు కుదిస్తారు. ఒక మెట్టు ఆగి ఇంకోటి మొదలయ్యే సరిహద్దే ముక్కు, ఆ సరిహద్దే చెంప ఎముక.

నేను తెల్లబరిచిన ఫొటోను జింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఐదు మెట్లకు కుదిస్తే మొహమంతా ఒకే మెట్టయింది. బొట్టు, రెండు కళ్లు, పెదవుల గీత మిగిలాయి. ముక్కు లేదు. గడ్డం ఎక్కడ ఆగి మెడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అది చూశాక కూడా తప్పు నా చేతిలో ఉందనుకోలేదు, సాఫ్ట్‌వేర్‌లో వెతికాను. మెట్లు చాల్లేదేమోనని పెంచాను. తర్వాత రంగుల మీద పడ్డాను. లేతగులాబీ, గోధుమ, మీగడ రంగు టైళ్ల కోసం షాపులన్నీ తిరిగి కొనుక్కొచ్చాను. నేనే చెరిపేసిన నీడకు బదులు రంగులు తెచ్చి పెట్టాలని చూశాను.

తెలియక చేశానని చెప్పుకోవడానికీ లేదు. పాంపేలో 1831లో బయటపడి, ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్న అలెగ్జాండర్ మొజాయిక్ గురించి అప్పటికే చదివి ఉన్నాను. తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, వాటి ఛాయలు. ప్రధానంగా అంతే. అందులో పర్షియా రాజు డరియస్ మొహంలో భయం వాటితోనే పలికింది. 1973లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన లియోన్ హార్మన్ లింకన్ చిత్రాన్ని బూడిదరంగు గళ్లుగా మార్చి చూపించిన సంగతీ తెలుసు. దగ్గర్నుంచి చూస్తే ఒట్టి గళ్లు, కళ్లు చికిలిస్తే లింకన్. అందులో రంగే లేదు.

ప్రింటు తీసి మావయ్యకు చూపించాను. చాలాసేపు చేతిలో పట్టుకుని, “మా అమ్మ నల్లగా నిగనిగలాడుతుండేదిరా, ఈవిడెవరో” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోప్పడినా బాగుండేది.

ఆ రాత్రి అసలు ఫొటో మళ్లీ తెరిచాను. మొహం దగ్గరికి కత్తిరించి, నలుపు తెలుపు చేసి, నలకలు పోయేంత వరకే మసకబరిచి ఐదు మెట్లకు కుదించాను. ఎడమ చెంప నీడ ముక్కు పక్క నుంచి జారి, పెదవి మూల దగ్గర మలుపు తిరిగి, గడ్డం కిందకు పోయింది. ఆ ఒక్క ఆకారంలో అమ్మమ్మ ఉంది. నేను చెరిపింది సరిగ్గా దాన్నే. నుదుటి మీద ఎండ సన్నటి పట్టీలా నిలిచింది. నల్లటి ఒంటి మీద వెలుగు ఎంత పదునుగా ఉంటుందో ఇన్నేళ్లూ ఎదురుగా ఉన్న మనిషిలో నేను చూడలేదు.

ఈసారి టైళ్లను కూడా నేల మీద పరిచి నలుపు తెలుపు ఫొటో తీశాను. ఇటుక రంగు, ముదురాకుపచ్చ ఒకే మెట్టులో పడ్డాయి. నీడలో రెండూ పక్కపక్కన ఉండొచ్చు. ముదురు ముక్కల మధ్య తెల్ల గ్రౌట్ నింపితే నీడ తేలిపోతుంది కాబట్టి ముదురు బూడిద రంగుది తెచ్చాను. ఐదు మెట్ల ఫొటోను గైడుగా బోర్డు కొలతకు ఎ4 కాగితాల మీద ప్రింటు తీసి అతికించాను. దాని మీద ముక్కలు సాగాల్సిన వరసలు పెన్సిల్‌తో గీస్తున్నాను. చెంప మీద గుండ్రంగా, ముక్కు మీద నిలువుగా, గీతలున్నచోట గీతల వెంబడే.

మీగడ రంగు టైళ్లు పెట్టెడు మిగిలాయి. అవీ పనికొస్తాయి. అమ్మమ్మ తల ముగ్గుబుట్ట, జుట్టంతా వాటితోనే కూరుస్తాను.