సూర్యుణ్ని అరచేతిలో పెట్టుకోవడం ఎలా?

సరదాకి ఫొటోలు తీసుకునే మనిషికి ప్రేరణ శుక్రవారం సాయంత్రానికి అడుగంటుతుంది. శనివారం తెల్లారేసరికి అది సూర్యలంకలో దొరుకుతుందని అతని నమ్మకం. ఊరి పేరులోనే సూర్యుడున్నాడు, ఇంకేం కావాలి? బాపట్ల స్టేషన్లో దిగితే సముద్రం తొమ్మిది కిలోమీటర్లు. తెనాలి వాళ్లకు నేరుగా రైలుంది. తిరకాసంతా రేపల్లె ఔత్సాహికుడిదే. పట్టాలు వాళ్ల ఊళ్లోనే ఆగిపోతాయి. రైల్లోనే వస్తానని పంతం పడితే ముందు తెనాలి దాకా ఎగువకు పోయి, అక్కడ బండి మారి, మళ్లీ దిగువకు రావాలి. ఆమాత్రం తిప్పలు పడకుండా వచ్చిన ప్రేరణకు ఇంట్లోవాళ్ల దగ్గర విలువుండదు.

బయల్దేరే ముందు కొత్త లెన్సు కొనడం తప్పనిసరి. ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసాన్ చాలావరకు ఒకే ఒక్క 50 ఎంఎం లెన్సుతో లోకమంతా తిరిగాడని ఎవరైనా గుర్తుచేస్తే, పాపం ఆయనకు ఈఎంఐ సౌకర్యం లేదని జాలిపడాలి. రాత్రికి ఏసీ గదిలో దిగి, కెమెరాను సరిగ్గా ఏసీ ఎదురుగా పెట్టి పడుకోవాలి. తెల్లవారుజామున ఆ చల్లటి గాజు కోస్తా గాలిలోకి రాగానే దానిమీద ఆవిరి పడుతుంది. కెమెరాను సంచిలోనే ఉంచి ఓ అరగంట ముందే బయటపెడితే ఆ బెడద ఉండదు, కానీ ముందే చేస్తే అనుభవం ఎలా వస్తుంది? ఆవిరిని చొక్కా అంచుతో తుడవాలి. అప్పటికే చొక్కాకు పట్టిన ఉప్పూ, సన్నటి ఇసుకా గాజుమీద నెలవంకల్లాంటి గీతలు గీస్తాయి. ఆ గీతలు ఆ తర్వాత తీసే ప్రతి ఫొటోలోనూ ఉంటాయి. శైలి అంటే అదే.

ఇక అసలు ఘట్టం. జనవరిలో ఇక్కడ సూర్యుడు ఆరున్నర దాటాక లేస్తాడు, జూన్‌లో అయితే ఐదున్నరకే. మన ఔత్సాహికుడు రెండు కాలాల్లోనూ ఆరుంబావుకే రావాలి. జూన్‌లో ఆలస్యమైతే మబ్బుల్ని తిట్టొచ్చు. స్నేహితుణ్ని పక్కకు తిప్పి నిలబెట్టి, చెయ్యి చాపించి, తాను తడి ఇసుకలో బోర్లా పడుకోవాలి. “ఒరే, చెయ్యి కొంచెం పైకి. అంతొద్దురా! వేళ్లు ముడుచుకోమాక.” సూర్యబింబం తన వెడల్పంత మేర జరగడానికి రెండు నిమిషాలు చాలు. ఈ సర్దుబాటుకు ఐదు నిమిషాలు పడుతుంది. కాబట్టి సూర్యుడు మొదట అరచేతిలో, తర్వాత మోచేతి మీద, చివరికి మిత్రుడి చెవి పక్కన దొరుకుతాడు. మూడూ గ్రూపులో పెట్టాలి.

ఈ పని జరుగుతున్నంతసేపూ వెనక్కి తిరగకూడదు. ఇది ముఖ్యమైన నియమం.

ఎందుకంటే వల లాగే పొద్దయితే వెనకాల పెద్ద గొడవే ఉంటుంది. అలివి వల చివర్లకు కట్టిన మోకుల్ని రెండు జట్లు పట్టుకుని, మడమలు ఇసుకలో దిగేసి, సముద్రం వైపు ముఖం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తుంటాయి. తాడు ఒరుసుకోకుండా ఒకాయన నడుముకు తువ్వాలు చుట్టుకుని ఉంటాడు. చివరి మనిషి తన వంతు కాగానే తాడు వదిలి, మళ్లీ నీళ్ల అంచుకు పోయి ముందు మనిషవుతాడు. గంపలు బోర్లించి కూర్చున్న ఆడవాళ్లు వల ఒడ్డెక్కకముందే బేరం మొదలుపెట్టేస్తారు. పైగా సూర్యుడు సముద్రం మీదినుంచి వస్తున్నాడు కాబట్టి ఆ ముఖాలన్నిటి మీదా ఎదురు వెలుతురు, ఏ స్టూడియోలోనూ అద్దెకు దొరకనిది. ఇది చూస్తే దృష్టి చెదురుతుంది. పొరపాటున లేచేటప్పుడు వేలు నొక్కుకుని ఒక ఫ్రేము పడితే పడనీ, దాని సంగతి తర్వాత.

డ్రోను తెచ్చినవాళ్లకు వేరే సలహా ఉంది. ఈ తీరంలో వాయుసేన స్థావరముంది, క్షిపణులు పేల్చి పరీక్షించేది ఇక్కడే. 2023 డిసెంబరులో అస్త్రశక్తి విన్యాసాల్లో ఆకాశ్ వ్యవస్థ ఒకే ఫైరింగ్ యూనిట్‌తో ఏకకాలంలో నాలుగు మానవరహిత లక్ష్యాలను కూల్చింది. మన ఔత్సాహికుడి చేతిలో ఉన్నది ఒక్కటే. అనుమతులు అడక్కుండా ఎగరేసి చూడాలనుకుంటే లెక్క ఎవరి వైపుందో ముందే తెలిసి ఉండటం మంచిది.

తాబేళ్ల కాలం వస్తే ఫ్లాష్ వాడకం మరీ బాగుంటుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలంలో రాత్రిపూట ఈ ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. నెలన్నర, రెండు నెలలకు బయటపడ్డ పిల్లలు ఎటు వెలుతురుంటే అటే సముద్రమనుకుని పాకుతాయి. కాబట్టి ఫ్లాష్ వెలిగిస్తే అవి నేరుగా కెమెరా దగ్గరికే వస్తాయి, జూమ్ అక్కర్లేదు. 1972 వన్యప్రాణి చట్టంలో వీటిని మొదటి షెడ్యూల్లో పెట్టారన్న సంగతి అటవీశాఖ వాళ్లు ఆ తర్వాత వివరంగా చెబుతారు.

తుపాను ఫొటోల మోజున్నవాళ్లు 2023 డిసెంబరు 5ను తలుచుకోవచ్చు. మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. నిజాంపట్నం రేవు, దాని దాపున మడ అడవులు, ఇనుప తుక్కుతో విగ్రహాలు కట్టే తెనాలి శిల్పులు ఇవన్నీ దగ్గర్లోనే ఉన్నాయి గానీ, అక్కడ సూర్యుడు చేతిలోకి రాడు. వదిలేయాలి.

ఇంటికి చేరాక రంగులు దిద్దుకోవడం. ఇక్కడి నీళ్లలో కృష్ణ తెచ్చి కలిపే ఒండ్రు ఉంటుంది, సముద్రం టీ రంగుకు దగ్గరగా కనిపించే రోజులెక్కువ. దాన్ని మాల్దీవుల నీలంగా మార్చేదాకా వేలు ఆగకూడదు. ఎవరైనా వేలెత్తి చూపితే మాయాబజార్‌ను అడ్డం పెట్టుకోవాలి. 1957లో వచ్చిన ఆ సినిమా నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిది తెనాలే. పడవ పాటలో జనం మురిసిపోయిన వెన్నెల చంద్రుడిచ్చింది కాదు, కెమెరామన్ మార్కస్ బార్ట్లీ పుట్టించింది. అయితే బార్ట్లీ వెన్నెలను వెన్నెలలాగే చూపించాడన్న చిన్న తేడాను ప్రస్తావించకూడదు.

ఫొటోగ్రాఫర్ రఘు రాయ్ పేరెత్తేవాళ్లతో మరింత జాగ్రత్త. ఆయన తొలిరోజుల్లో ఒక పల్లెలో గాడిదపిల్ల వెంట గంటల తరబడి పరుగెత్తి, చివరికి అది అలిసి నిలబడ్డాక ఫొటో తీశాడు. లండన్ టైమ్స్ పత్రిక అచ్చేసింది. మన బీచ్ రోడ్డు మీదా అడ్డం తిరిగే జీవాలకు కొదవలేదు. కానీ వాటి వెంట పరుగెడితే తిరుగు రైలు పోతుంది.

రైలొచ్చేలోపు బాపట్ల ప్లాట్‌ఫాం మీద కార్డు ఖాళీ చేసుకోవాలి. అరచెయ్యి, మోచెయ్యి, చెవి, మళ్లీ అరచెయ్యి. మధ్యలో ఆ పొరపాటు ఫ్రేము వస్తుంది: కాస్త వంకరగా, తాడు వదిలి నీళ్ల వైపు పరుగెత్తుతున్న కుర్రాడు, వెనక గంప మీద కూర్చున్న ముసలావిడ అతణ్ని చూసి పళ్లు లేని నోటితో నవ్వుతోంది. సూర్యుడు ఎక్కడా లేడు. డిలీట్ నొక్కి, టీ చెప్పాలి.