కుడియెడమల సాక్షిని

నేను హైదరాబాదు నగరమునందలి యొక పరిశోధనశాలలో, చీకటిగదిలో, నల్లగుడ్డ ముసుగు కప్పుకొని యుండు పోలారీమీటరును. ఇత్తడి దేహము, రెండు నికోల్ పట్టకములు, వాని నడుమ డెసిమీటరు పొడవుగల గాజుగొట్టము, ఎదుట పసుపువెలుగు చిమ్ము సోడియము దీపము: ఇంతియే నా యాస్తి. మొదటి పట్టకము ఆ వెలుగును ఒకే తలమున కంపింపజేసి పంపును. గొట్టములోని ద్రవము ఆ తలమును కుడికిగాని యెడమకుగాని మరల్చినచో, నా కంటిలోని రెండర్ధచంద్రములును సరిసమానముగా మసకబారువరకు రెండవ పట్టకమును త్రిప్పి, వలయముపై డిగ్రీలు చదువుకొందురు.

టర్పెంటైను వంటి ద్రవములు కాంతితలమును త్రిప్పునని 1815లో కనుగొన్న ఫ్రాన్సు దేశపు బియో మహాశయుడు మా వంశమునకు మూలపురుషుడు. 1848లో యువకుడైన లూయీ పాశ్చర్, టార్టారిక్ ఆమ్లమునకు తోబుట్టువైన రెసిమిక్ ఆమ్లపు లవణస్ఫటికములు వస్తువును అద్దములోని నీడయువలె రెండు తెరగుల నున్నవని గమనించి, ఓపికతో నొక్కొక్కటే యేరి రెండు కుప్పలు చేయగా, ఒకదాని ద్రావణము వెలుగును కుడికి, రెండవదాని ద్రావణము ఎడమకు త్రిప్పెను. వృద్ధుడైన బియో తన కన్నులయెదుట మరల చేసి చూపుమని కోరి, చూచిన పిమ్మటనే నమ్మెను. అందు కుడికి త్రిప్పు టార్టారిక్ ఆమ్లమే మన చింతపండునకు పులుపునిచ్చునది.

కర్బన పరమాణువునకు నాలుగు వేర్వేరు సమూహములు చేరినపుడు అది రెండు రూపములు దాల్చునని 1874లో వాంట్ హాఫ్, లెబెల్ అనువారు వేర్వేరుగా తెలిపిరి. దక్షిణావర్త శంఖమును వామావర్త శంఖమును ఎంత త్రిప్పినను ఒకదానియం దొకటి యెట్లు అమరవో, ఆ రూపములు నట్లే. జీవదేహ మీ భేదమును చక్కగా నెరుగును: పుదీనాకు పరిమళమిచ్చు కార్వోనునకు ప్రతిబింబమైనది సోయికూర గింజలలో వేరొక వాసన యగును; పార్కిన్సన్ వ్యాధికి మందైన డోపాలో నొక రూపమే పనికివచ్చును. కాని పాత్రలో పదార్థములను ఊరక కలిపినచో రెండు రూపములును సగము సగముగా పుట్టి, ఒకదాని త్రిప్పు నొకటి రద్దుచేయగా, నా వలయము శూన్యముకడ నిలిచిపోవును.

ఆ శూన్యమును జయించు విద్యయే అసౌష్ఠవ సంశ్లేషణము. 1980లో కట్సుకి, షార్ప్‌లెస్ అను శాస్త్రజ్ఞులు టైటానియమునకు టార్టారిక్ ఆమ్లపు ఎస్టరును, అనగా టార్టారేటును, తోడుచేసి, ఆక్సిజను పరమాణువు అణువున కొకవైపునుండియే వచ్చి చేరునట్లు చేసిరి. అణుజల్లెడలతో తేమను తొలగించినచో కొద్దిపాటి ఉత్ప్రేరకమే చాలునని 1986లో తేలెను. నోల్స్, నొయోరిలతోపాటు షార్ప్‌లెస్ 2001లో నోబెల్ బహుమానము నందెను.

మా శాలలో నొక పరిశోధకురాలు, గులాబీతైలములో నుండు జెరానియాలుపై, సున్నకు దిగువ ఇరువది డిగ్రీల చలిలో, ఈ చర్యనే జరిపి, ఫలితమును నాయొద్దకు తెచ్చెను. వెలుగు తిరిగెను, ఆమె మొగము వికసించెను. కాని లెక్కకట్టగా ఆ సంఖ్య గ్రంథములలోని సంఖ్యతో కలియలేదు. గొట్టములో గాలిబుడగ యున్నదేమోనని చూచెను, గాజుబిళ్ళలు తుడిచెను, సంఖ్య మారలేదు. నేనేమో ఉన్నదే చెప్పితిని: అణువునకు దారి చూపిన టార్టారేటే కొంత ఫలితములో మిగిలి, తన భ్రమణమును దానితో కలిపి పలుకుచుండెను. ఆమె చల్లని క్షారము కలిపిన ఉప్పునీటితో ఆ ద్రావణమును చిలుకగా, ఎస్టరు విడివడి నీటిపొరలోనికి దిగిపోయెను. పైపొర నారబెట్టి, శుద్ధిచేసి, మరునాటి సాయంకాలము మరల తెచ్చెను. మూడుమారులు చదివెను, మూడుమారులు నొకటే సంఖ్య, గ్రంథములోనిదే.

గురువు ప్రక్కన నుండగా శిష్యుని విద్య యెంతయో తేలదు. తన కుడియెడమల గుణమును కొత్త అణువునకు ధారపోసి, పిమ్మట టార్టారేటు తొలగిపోయినప్పుడే ఆ అణువు తన మాట తాను పలికినది. రూపముల పాళ్ళను నాకన్న సూక్ష్మముగా తేల్చు యంత్రములు నేడు ప్రక్కగదిలోనే యున్నవి. అయినను వెలు గెటు తిరిగెనో వ్రాయవలసి వచ్చినపుడు, ఆమె నా ముసుగు తొలగించి, దీపము వేడెక్కువరకు నా యెదుట నిశ్శబ్దముగా కూర్చుండును.