సెల్లార్‌లో 265 గుర్రాలు

దేశం మొత్తానికి వచ్చినవి వంద. 2025 అక్టోబరులో స్కోడా కంపెనీ ఆక్టేవియా ఆర్‌ఎస్ కారును విదేశం నుంచి పూర్తిగా తయారైన రూపంలో దింపి, షోరూం ధర 49.99 లక్షలని ప్రకటించేసరికే వందా బుక్కయిపోయాయి. ఆ ఏడాది పద్మ పురస్కారాలు 139 మందికి వచ్చాయి. అంటే మన దేశంలో పద్మశ్రీ కొట్టడం కన్నా ఈ కారు దక్కించుకోవడమే కష్టం. పద్మశ్రీకి కనీసం బంధువులు ఫోన్ చేసి అభినందిస్తారు.

ఆ వందలో ఒకటి హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి చేరిందనుకోండి. ఓనరు ఐటీలో సీనియర్. హోమ్ లోన్ తీరింది, పిల్ల ఇంజినీరింగ్‌లో చేరింది, డాక్టరు బీపీ మాత్ర రాశాడు. మగవాడికి స్పీడు కారు మీద కోరిక పుట్టడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఉండదు. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, 265 గుర్రాల శక్తి, 370 న్యూటన్ మీటర్ల టార్కు, ఏడు గేర్ల డీఎస్‌జీ, నిలబడ్డచోటి నుంచి 100 అందుకోవడానికి 6.4 సెకన్లు, గరిష్ఠ వేగం 250. ఆయనకు ఇవన్నీ కంఠతా వచ్చు. ఎవరూ అడగకపోవడమే ఆయన బాధ.

చూడ్డానికి వచ్చిన మావగారు కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, టైరును కాలితో తట్టి, అడగాల్సింది అడిగారు.

"మైలేజీ ఎంతిస్తుంది అల్లుడూ?"

"ఇది మైలేజీ కోసం కొనే బండి కాదు మావయ్యా."

"మరి దేనికోసం?"

ఈ ప్రశ్నకు కంపెనీ బ్రోషరులో జవాబు లేదు. మావగారు ఎర్రరంగు బ్రేకు క్యాలిపర్లను వంగి చూసి, "ఇక్కడ రంగు పోయినట్టుంది, ప్రైమర్ కనిపిస్తోంది" అన్నారు. బామ్మర్ది ఇంకాస్త లోతుగా వెళ్లాడు. "బావా, ఈ డబ్బుతో ఫార్చూనర్ వచ్చేది కదా! పెళ్లికి వెళ్తే గేటు దగ్గర సెల్యూట్ కొట్టేవాళ్లు." తల్లి కారు వైపు చూడను కూడా లేదు. "శంకర్‌పల్లిలో ప్లాటు తీసుకోరా అని చెప్పాను, వింటేనా" అని లిఫ్టు ఎక్కేసింది.

నిజానికి తప్పు వాళ్లది కాదు. ఈ కారు గొప్పతనమే దాని మారువేషంలో ఉంది. ఆక్టేవియా అనే పేరు మనకు 2001 నుంచి తెలుసు. బ్యాంకు మేనేజర్లు, కాంట్రాక్టర్లు, కాస్త కలిగిన డాక్టర్లు తిరిగిన బండి. వాళ్లలో చాలామంది కొన్నది డీజిల్. 2004లోనే 150 గుర్రాల టర్బో పెట్రోలు ఇంజిన్‌తో దానికి ఆర్‌ఎస్ రూపం వచ్చింది. 2017లో ఒకసారి, 2020లో 200 కార్లతో ఇంకోసారి పలకరించింది. ప్రతిసారీ కార్ల పిచ్చోళ్లు ఎగబడి కొన్నారు, ప్రతిసారీ వాళ్ల చుట్టాలు "పాత మోడలేగా" అన్నారు. లోపల ఎంత ఉన్నా బయటికి కనబడకపోవడాన్ని కార్ల లోకంలో సుగుణంగా లెక్కేస్తారు. హైదరాబాద్‌లో దాన్ని నష్టం కింద రాసుకుంటారు.

పూజకు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి వెళ్లారు. ఆకుపచ్చ బానెట్ అద్దంలా మెరుస్తోంది. పెయింటు మీద గీత పడకుండా పీపీఎఫ్ అనే పారదర్శకమైన పొర అతికించాలి. ఆ పనికి అపాయింట్‌మెంటు మరుసటి వారానికి దొరికింది. స్వామివారి ముహూర్తం ముందే వచ్చేసింది. పంతులుగారు గిన్నెలో పసుపు, కుంకుమ తడిపి ఉంగరపు వేలితో బానెట్ మీద స్వస్తిక్ దిద్దుతుంటే ఓనరు కళ్లు మూసుకున్నాడు. పక్కవాళ్లు భక్తి అనుకున్నారు. కుంకుమ ఎండేలోపు తుడవాలా, తుడిస్తే అపచారమా అనే మీమాంసతో ఆయనకు చెమటలు పట్టాయి. గుమ్మడికాయ తిప్పి కొట్టారు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. 225 వెడల్పు, 19 అంగుళాల టైర్లు నిమ్మకాయల్ని చితక్కొట్టుకుంటూ ముందుకు కదిలాయి. కొన్నాక ఆ కారు ఎవరి మీదైనా ఆధిపత్యం చూపించిన మొదటి సందర్భం అదే.

తర్వాత నంబరు. లైఫ్ ట్యాక్సే ధరలో దాదాపు ఐదో వంతు లాగేసింది. అయినా ఫ్యాన్సీ నంబరు లేకుండా బండి రోడ్డెక్కితే నగర సంప్రదాయానికి భంగం. 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసు వేలంలో టీజీ 09 9999 నంబరు 25,50,002 రూపాయలకు పోయింది. ఆర్‌ఎస్ ధరలో సగం పెడితే నాలుగు తొమ్మిదులు వస్తాయన్నమాట, కారు లేకుండా. ఆ చివరి రెండు రూపాయల్లోనే పాటదారుడి వ్యూహమంతా ఉంది. మన ఓనరు అంత సాహసం చేయలేదు. కూడితే అయిదు రావాలని న్యూమరాలజీ చెప్పింది, వచ్చింది, సంతోషించాడు.

అసలు కథ కాలనీ గేటు దాటాక మొదలైంది.

స్పీడు బ్రేకరు ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సుఖంగా ఎక్కి దిగొచ్చని లెక్క. మన కాలనీల్లో స్పీడు బ్రేకర్లు ఈ గ్రంథం చదివి పుట్టలేదు. పై ఇంటివాళ్ల స్లాబు పోయగా మిగిలిన కాంక్రీటును అసోసియేషన్ ప్రెసిడెంటు రాత్రికి రాత్రి రోడ్డుకు అడ్డంగా పోయించగా అవతరించాయి. ఎత్తు ప్రెసిడెంటు కోపాన్ని బట్టి ఉంటుంది. ఆర్‌ఎస్‌ను మామూలు ఆక్టేవియా కన్నా 15 మిల్లీమీటర్లు కిందికి దించి తయారుచేశారు, మలుపుల్లో నేలను పట్టుకుని పోవడానికి. ఇక్కడ అది వేరే రకంగా నేలను పట్టుకుంటోంది.

కాబట్టి ఓనరు కొత్త విద్య నేర్చాడు. బ్రేకరు కనపడగానే దాదాపు ఆపేసి, స్టీరింగు కుడికి తిప్పి, ఏటవాలుగా ముందు ఒక చక్రం ఎక్కిస్తాడు. భార్య ఎడమ అద్దం దించి తల బయటపెట్టి చూస్తుంది. "ఉండండి... ఉండండి... ఇప్పుడు పోనీయండి... అయ్యో ఆగండి!" తర్వాత రెండో చక్రం. వెనకాల ఆటో ఆపకుండా హారను కొడుతుంది. డెలివరీ కుర్రాడు బ్రేకరుకూ కాలవకూ మధ్య జానెడు సందులోంచి స్కూటరు పోనిచ్చి, వెళ్తూ వెళ్తూ కారులోకి జాలిగా చూస్తాడు. మూడో చక్రం, నాలుగో చక్రం. గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా బ్రేకర్లన్నీ ఈ పద్ధతిలో దాటేసరికి 6.4 సెకన్లు ఎన్నిసార్లు గడిచి ఉంటాయో ఆయన లెక్కపెట్టడం మానేశాడు. ఇంటికి తిరిగొచ్చాక సెల్లార్ ర్యాంపు ఉంటుంది. అక్కడ వాచ్‌మన్ వెనక్కి నడుస్తూ, అరచేతులు ఆడిస్తూ, "రానీయండి సార్, రానీయండి, రానీయండి" అంటాడు. బంపరు గీసుకున్న చప్పుడయ్యాక "చాలు సార్" అంటాడు.

సరే, అవుటర్ రింగ్ రోడ్డు ఉంది కదా! నగరం చుట్టూ 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, బైకులకు ప్రవేశం లేదు. 2023లో మొదటి రెండు లేన్లలో వేగ పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. కారు చేయగల 250లో సగం కూడా కాదు, అయినా సంతోషమే. కానీ అప్పటికి రన్నింగ్ ఇన్ నడుస్తోంది. మొదటి 1,500 కిలోమీటర్లు కొత్త ఇంజిన్‌ను తొందరపెట్టకూడదని మాన్యువల్ చెబుతుంది. ఓనరు దాన్ని శ్రద్ధగా పాటించాడు. టోల్ దాటి రెండో లేన్‌లో 90తో వెళ్తుంటే పాలకూర మోపులేసుకున్న బొలేరో పికప్ లైటు కొట్టి, పక్కకు తప్పుకోమని సైగ చేసి ముందుకెళ్లిపోయింది. దాని వెనక "మెల్లగా వెళ్ళు, ఇంట్లో ఎదురుచూస్తారు" అని రాసి ఉంది.

రన్నింగ్ ఇన్ అయిపోయిన ఆదివారం తెల్లవారుజామున ఆయన ఒక్కడే వెళ్లాడు. స్పోర్ట్ మోడ్ నొక్కి, పెడలు నేలకు తొక్కాడు. కారు ముందుకు దూకింది. వెన్ను సీటుకు అతుక్కుంది. అయితే 120 వచ్చేయడానికి ఎంతోసేపు పట్టదు, ఆ తర్వాత కాలు తీయాల్సిందే. మొత్తం ఆనందం టీ గ్లాసు చల్లారేలోపు ముగిసింది. కాలు తీయడం ఓ లిప్తపాటు ఆలస్యమైనట్టుంది, ఫోన్‌కు చలానా వచ్చింది, 35 రూపాయల యూజర్ చార్జీతో సహా. బామ్మర్ది ధైర్యం చెప్పాడు. "ఇప్పుడే కట్టకు బావా, డిస్కౌంటు వస్తుంది." అతను గాలిమాట అనలేదు. పెండింగ్ చలానాల మీద తెలంగాణలో 2022 మార్చిలో కార్లకు 50 శాతం, 2023 డిసెంబరులో 60 శాతం తగ్గించారు. ఆర్‌ఎస్ ధర మీద షోరూంవాళ్లు రూపాయి తగ్గించలేదు. దాన్ని తొక్కిన పాపం మీద మాత్రం రాయితీకి ఆశ ఉంది.

ముందు సీట్లకు మసాజ్ ఉంది, వేడిచేసే ఏర్పాటూ ఉంది. మే నెలలో 42 డిగ్రీలు చూసే ఊళ్లో ఆ వేడి బటను నొక్కే అవసరం ఎవరికి వస్తుందో తెలియదు. మసాజ్ మాత్రం బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లో బాగా పనికొస్తోంది.

వేగాన్ని చట్టబద్ధంగా చూడాలంటే రేస్ ట్రాక్ కావాలి. హైదరాబాద్ నడిబొడ్డుకు ఆ యోగం ఒక్కరోజే పట్టింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్క రోడ్లమీద ఫార్ములా-ఈ రేసు కార్లు పరిగెత్తాయి. మరుసటి ఏడాది పోటీ రద్దయింది. ఓనరు మనసు చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టైలోని ట్రాకు మీదికి పోయింది. అక్కడికి వెళ్లాలని నిశ్చయించుకుని ఆ విషయం ఇంట్లో చెప్పాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

"చెన్నై దాకా వెళ్తూ కంచిలో చీరలు చూడకుండా వస్తామా?" అంది భార్య. "దారేగా, తిరుపతి కూడా అయిపోతుంది" అంది తల్లి. తండ్రి తన బీపీ మిషన్ సర్దుకున్నారు. వారం తిరిగేసరికి ప్రణాళికలోంచి ట్రాకు జారిపోయింది, తర్వాత కంచి జారిపోయింది, కర్నూలు, కడప మీదుగా తిరుపతి మిగిలింది. 600 లీటర్ల డిక్కీలో మూడు సూట్‌కేసులు, ఒక కుక్కరు, పులిహోర డబ్బా, తలనీలాలకు ముందు ఒకటీ తర్వాత ఒకటీ పట్టు పంచెలు సర్దారు. వెనక సీట్లో మధ్యన ఇరుక్కున్న బామ్మర్ది అప్పటికీ ఫార్చూనర్ గురించే మాట్లాడుతున్నాడు. అలిపిరి తనిఖీ దగ్గర సిబ్బంది సామానంతా దింపించి, మళ్లీ ఎక్కించుకోమన్నారు. అంత పెద్ద డిక్కీని అంత భక్తిగా పరిశీలించినవాళ్లు వాళ్లొక్కరే.

తిరుమల ఘాట్‌లో ఆర్‌ఎస్‌కు సరైన పరీక్ష ఎదురైంది. హెయిర్‌పిన్ మలుపులు, నున్నటి తారు. ఇలాంటి రోడ్డు కోసమే ఈ సస్పెన్షన్ పుట్టింది. కానీ అక్కడ కొండ ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తప్పనిసరి. పైన టైము వేసిన చీటీ ఇస్తారు, కింద చూస్తారు, ముందుగా వస్తే జరిమానా. ప్రమాదాలు తగ్గడానికి పెట్టిన నియమం, మంచిదే. ఓనరు మాత్రం జీవితంలో మొదటిసారి, ఆలస్యంగా చేరడం కోసం కారు నడిపాడు. ఎంత మెల్లగా దిగినా, చెక్‌పోస్టు కనపడేసరికి ఇంకా తొమ్మిది నిమిషాలు మిగిలాయి. మిగతా బండ్లవాళ్లలాగే పక్కకు తీసి ఆపాడు. ముందు ఒక టెంపో ట్రావెలర్, వెనక ఒక ఇన్నోవా. అందరూ దిగి లడ్డూ తుంచుకుంటున్నారు.

ఇన్నోవా డ్రైవరు వచ్చి బానెట్ మీద చెయ్యేసి నిమిరాడు. "ఆక్టేవియానే కదన్నా? బాగా మెయింటెయిన్ చేశారు. సెకండ్స్‌లో ఎంతకొచ్చింది?"

ఓనరు ఊపిరి పీల్చుకుని 6.4 సెకన్ల దగ్గర మొదలుపెట్టబోయాడు. తల్లి అడ్డుపడింది.

"యాభై లక్షలు నాయనా. ప్లాటు కొనమన్నాను."

డ్రైవరు చెయ్యి తీసేసి, లడ్డూ మిగిలిన ముక్క ఆమె చేతిలో పెట్టి, "ఏ ఏరియాలోనమ్మా?" అని అడిగాడు.