ఏ బ్లాకు టు సీ బ్లాకు, వయా డయల్-అప్

2025 సెప్టెంబరు 30న అమెరికాలో ఏఓఎల్ కంపెనీ తన డయల్-అప్ ఇంటర్నెట్‌ను ఆపేసింది. అది ఇంకా నడుస్తోందని అప్పటిదాకా తెలియనివాళ్లు కూడా మర్నాడు కళ్లు తుడుచుకున్నారు. మా సర్జాపురలో అయితే మైల పట్టినంత పని చేశారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మోడెం కూత ఆడియో ఒకటి ఎవరో పెట్టారు. కింద వరసగా దణ్ణాల బొమ్మలు. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడిగిన ఒక ఇల్లాలి మెసేజీ ఆ దణ్ణాల్లో కొట్టుకుపోయింది.

సర్జాపుర తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఆనేకల్ తాలూకాలో, తమిళనాడు సరిహద్దు పక్కనే ఉన్న ఊరు. అసలు ఊరివాళ్లలో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఆ ఊరి పేరు పెట్టుకున్న రోడ్డు ఇబ్లూరు దాటి, దొడ్డకన్నెల్లిలో విప్రో హెడ్డాఫీసు ముందు నుంచి, దొమ్మసంద్ర మీదుగా వస్తుంది. ఈ దారి పొడవునా బిల్డరు ఎక్కడ పునాది తీసినా అది సర్జాపురే. హెబ్బాళ నుంచి ఇక్కడిదాకా మెట్రో కూడా ఉంది, కాగితం మీద. కోస్తా, సీమ, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లం ఇక్కడ ఫ్లాట్లు కొనుక్కుని ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిపెడుతున్నాం. నీళ్లు లారీ మీద వస్తాయి, నెట్ మాత్రం గోడలోంచి వస్తుంది.

ఏఓఎల్ దినవారాలు అయ్యాయో లేదో, మూడో అంతస్తు బావగారు మా ఇంటికి దిగారు. మా ఆవిడా వాళ్లావిడా వదినలయ్యారు గనక మేం బావలమయ్యాం, అంతకుమించి బీరకాయపీచు చుట్టరికం కూడా లేదు. గిగాబిట్ ఫైబర్ ఉన్న మనిషి.

"ఈ స్పీడులో ఆత్మ లేదండీ. నొక్కేలోపే వచ్చేస్తోంది. ఎదురుచూపు లేదు," అన్నారు.

"ఇబ్లూరు సిగ్నల్లో బోలెడు ఉంటుంది కదండీ ఎదురుచూపు."

"అది వేరు. మా అత్తగారింటి అటక మీద పెంటియం 133 దొరికింది, విండోస్ 98తో సహా. దానికి మోడెం పెట్టించాలి. మీరు ఆ కాలం మనిషి, చూసిపెట్టండి."

సీ బ్లాకు తమ్ముడు కూడా చేరాడు. డయల్-అప్ వెలుగుతున్న రోజుల్లో ఆ అబ్బాయి ఉయ్యాల్లో ఉన్నాడు. చూడనిదాని మీద బెంగ పెట్టుకోవడం ఈ తరానికి బాగా చాతనవును.

ఎస్‌పీ రోడ్డుకు వెళ్లాం. మన సికింద్రాబాదు సీటీసీకి బెంగళూరు అన్నగారు. మోడెం అంటే షాపతను వైఫై డబ్బా చూపించాడు. కాదు, ఫోను తీగ గుచ్చేది అంటే మా మొహాల్లోకి ఒకసారి చూసి, లోపలినుంచి అట్టపెట్టె తెచ్చి నేలమీద బోర్లించాడు. అప్పటిదాకా కిలోల లెక్కన తూకానికి పోవాల్సిన సరుకు, బావగారి కళ్లు మెరవడం చూసి, పురావస్తువై కూర్చుంది.

మోడెం ఎంచుకోవడంలో మొదటి సూత్రం, కార్డు మీద చిప్పులు లెక్కపెట్టడం. ఒకటో రెండో ఉండి మిగతా అంతా బోడిగా ఉంటే అది హెచ్‌ఎస్‌పీ రకం. అందులో మోడెం ఉండదు, మోడెం చేయాల్సిన చాకిరీ మొత్తం మీ కంప్యూటరు ప్రాసెసరు నెత్తిన పడుతుంది. చవగ్గా వస్తుందని అసెంబుల్డ్ మిషన్లన్నింటిలో ఇవే కుక్కేవాళ్లు. విండోస్ లేకపోతే కదలదు, డ్రైవర్ సీడీ పోతే అసలే కదలదు. పెంటియం 133 మీద దీన్ని పెడితే పేజీ దిగుతున్నంతసేపూ మౌస్ బాణం గాలిలో ఆగి ఉంటుంది. బావగారు ముచ్చటపడ్డది సరిగ్గా ఆ కార్డునే, దాని పెట్టె మీద 56కె అని పెద్దక్షరాలున్నాయని. సీరియల్ పోర్టుకు బయటి నుంచి తగిలించే రకం మేలు, వరసగా ఎర్ర లైట్లు మిణుకుమంటాయి, ఏం జరుగుతోందో కంటికి తెలుస్తుంది. అయితే కంప్యూటరు మరీ పాతదైతే దాని సీరియల్ చిప్పు 16450 అయి ఉంటుంది. అది ఒక్క అక్షరం పట్టుకునేలోపు ఇంకోటి వచ్చి మీద పడుతుంది. 16550ఎ అయితే పదహారు పట్టుకుంటుంది. ఏది ఉందో డాస్‌లో ఎంఎస్‌డీ అని కొడితే చెబుతుంది. ఈ మాట అనగానే తమ్ముడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

ఇక 56కె కథ. 1997లో యూఎస్ రోబోటిక్స్ వాళ్లు ఎక్స్2 అన్నారు, రాక్‌వెల్, లూసెంట్ వాళ్లు కె56ఫ్లెక్స్ అన్నారు. మీ ఇంట్లో ఒకటీ, ఇంటర్నెట్ ఇచ్చేవాడి దగ్గర ఇంకొకటీ ఉంటే జాతకాలు కలవని సంబంధమే, ఇద్దరూ తగ్గి 33.6 దగ్గర సర్దుకోవాలి. 1998లో వి.90 అని ఒక పొత్తు కుదిర్చాక ఆ గొడవ తీరింది. కానీ అసలు మెలిక వేరే ఉంది. 56కె రావాలంటే అవతలి కొస డిజిటల్ అయి ఉండాలి, అంటే ఇంటర్నెట్ కంపెనీ ఎక్స్ఛేంజికి నేరుగా డిజిటల్ లైను వేయించుకుని ఉండాలి. ఇళ్లలో ఉండే మామూలు మోడెంలు రెండు ఒకదాన్నొకటి పిలుచుకుంటే 33.6 దాటడం జరగని పని.

"మరి పెట్టె మీద 56 అని ఉంది కదండీ," అన్నారు బావగారు.

"మీ ఫైబర్ బిల్లు మీద గిగాబిట్ అని ఉంది కదండీ," అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

చివరికి జంపర్లున్న ఐఎస్ఏ కార్డులు రెండు, ఒకటి బావగారికి, ఒకటి తమ్ముడికి. జంపరంటే పిన్నుల మీద తొడిగే పేలగింజంత నల్ల టోపీ, కింద పడితే మళ్లీ కనబడదు. బావగారు దాన్ని వేళ్లతో పట్టుకుని, కళ్లద్దాలు నుదుటిపైకి తోసి, ఊపిరి బిగబట్టి కామ్3 మీద పెట్టారు. మౌస్ కామ్1 మీద ఉంది. కామ్1కీ కామ్3కీ ఐఆర్‌క్యూ ఒకటే, నాలుగు. దాంతో మౌస్ కదిపితే మోడెం మూగబోయింది, మోడెం పలికితే మౌస్ కొయ్యబారింది. ఒక పూటంతా ఆ వినోదం చూశాక, బయాస్‌లో కామ్2 మూయించి కార్డును ఆ చోటికి మార్చాం. పనిచేసింది. ఇంత సులువుగా అయిపోయిందేమిటని బావగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. ఎవరికి డయల్ చేయాలి?

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచింది. ముందు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. బెంగళూరు తర్వాత. బొమ్మలు కనబడే టీసీపీ/ఐపీ ఖాతా కావాలంటే 250 గంటలకు 15,000 రూపాయలు, ఆనాటి గుమాస్తాగారి కొన్ని నెలల జీతం. చదువుకునే పిల్లలకు 500 రూపాయల షెల్ అకౌంట్ ఉండేది, అందులో బొమ్మలుండవు, నల్లతెర మీద అక్షరాలే. ఫోను బిల్లు దాని మీద వేరే. 1998 నవంబరులో ప్రైవేటువాళ్లకు తలుపులు తీశాక మన సత్యం వాళ్ల సత్యం ఆన్‌లైన్ ముందుగా దిగింది, గంటల ప్యాకెట్లు అట్టపెట్టెల్లో కొనుక్కునే రోజులు వచ్చాయి. అర్ధరాత్రి లైన్ ఖాళీగా ఉంటుందని కూర్చుంటే, హాల్లో ఎవరో పారలల్ ఫోను ఎత్తి 'హలో' అనేవారు, మూడొంతులు దిగిన ఫైలు గంగలో కలిసేది. ఇప్పుడు వాట్సాప్‌లో దణ్ణాలు పెట్టేవాళ్లు ఆ 'హలో'ని ఎందుకో తలుచుకోరు.

ఆ వీఎస్‌ఎన్‌ఎల్ 2002లో టాటాల చేతికి వెళ్లి 2008లో పేరు కూడా మార్చుకుంది. డయల్ చేద్దామంటే ఎత్తేవాడు లేడు. అదీకాక మా అపార్ట్‌మెంట్‌లో రాగి తీగే లేదు. ఫైబర్ డబ్బా వెనకాల ఫోన్ చిల్లు ఉంది గానీ, అది గొంతును ముక్కలు ముక్కలుగా కోసి ప్యాకెట్లలో పంపుతుంది. ఒక ప్యాకెట్ ఆలస్యమైతే మనిషి 'ఆఁ?' అని అడుగుతాడు, మోడెం అడగదు, పెట్టేస్తుంది.

సర్జాపుర ఊళ్లోంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు. గోడలన్నీ చూసి, తలుపు పక్కన దుమ్ము పట్టి వేలాడుతున్న ఇంటర్‌కం ఫోను ఊడదీసి, దాని వెనకనుంచి రెండు రాగి పోగులు బయటికి లాగాడు.

"ఇదుండాది చూడు సార్, అసలైన రాగి. అయితే ఇది గేటు దాకా పోతాది గానీ అమెరికాకు పోదు."

బావగారు అతన్ని కౌగలించుకున్నంత పని చేశారు. గేటు పక్క గదిలో ఈపీఏబీఎక్స్ పెట్టె ఒకటి, దాన్నుంచి ప్రతి ఫ్లాటుకూ ఒక జత తీగ. ఫుడ్ డెలివరీ కుర్రాళ్లను ఫోన్ యాప్‌లోనే లోపలికి రానివ్వడం మొదలయ్యాక దాన్ని తాకేవాళ్లు లేరు. మూడంకెలు తిప్పితే ఏ బ్లాకు నుంచి సీ బ్లాకు మోగుతుంది. ఇంకేం కావాలి? ఇంటర్‌కం డయల్ టోను మోడెంకు తెలియదు, టోను లేదని మొండికేస్తుంది. 'డయల్ టోను కోసం ఆగు' అన్నచోట టిక్కు తీసేసి, లేదా ఏటీఎక్స్3 అని కొట్టి, దాని నోరు మూయించాలి. సీ బ్లాకు మిషన్లో విండోస్ 98 వాళ్ల డయల్-అప్ సర్వర్ ఆన్ చేశాం. అంటే మోగగానే అదే ఎత్తుతుంది.

ఆ రాత్రి ఏ బ్లాకు సీ బ్లాకును పిలిచింది. టక్కుటక్కున అంకెలు, కీచుమని ఒక కూత, రెండు డుబుక్కులు, తర్వాత జోరున ఇసుక వాన. తెర మీద 31,200 అని పడింది. బావగారు చెమ్మగిల్లిన కళ్లతో నాలుగు మెగాబైట్ల ఘంటసాల పాటొకటి పంపించారు. అది చేరడానికి దగ్గరదగ్గర ఇరవై నిమిషాలు పట్టింది. ఆలోపు వాళ్లావిడ గోంగూర పచ్చడి గిన్నెతో సీ బ్లాకుకు నడిచి వెళ్లి, తమ్ముడి తల్లిగారితో ట్యాంకరు సంగతి మాట్లాడి, కడిగిన గిన్నెలో రెండు జంతికలు వేయించుకుని తిరిగి వచ్చేసింది.

"ఇంకా పంపుతూనే ఉన్నారా?" అంది.

మూడో రోజున ముదిరింది. సీ బ్లాకులో పైపు పగిలి మెట్ల మీద నీళ్లు కారుతుంటే, గేటు దగ్గరి సెక్యూరిటీ తాత పాత అలవాటు కొద్దీ ఇంటర్‌కంలో తమ్ముడి ఫ్లాటుకు కొట్టాడు. సర్వర్ ఠక్కున ఎత్తింది. ఎత్తి, ఎదురుగా ఉన్నది ఇంకో మోడెం అనుకుని తాత చెవిలో కీచుమని తన శక్తికొద్దీ పలకరించింది. తాత రిసీవరు వదిలేసి, టార్చీ లాఠీ తీసుకుని, ఫలానా ఇంట్లో ఎవరినో ఏదో చేస్తున్నారని మరో ఇద్దర్ని వెంటేసుకుని పరిగెత్తాడు. తలుపు తీసిన తమ్ముడి చెవుల్లో హెడ్‌ఫోన్లు. 'మనవాడు మంచివాడే, ఆ పెట్టెకే గాలి సోకింది' అని తాత తేల్చాడు.

కమిటీ మీటింగ్ పెట్టారు. సగంమంది ఆ పెట్టెల్ని బయట పారేయాలన్నారు. మిగతా సగంమంది మాకూ ఒకటి కావాలన్నారు. అసోసియేషన్ సెక్రటరీగారు అనంతపురం మనిషి, టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో రిటైరయ్యారు. అంతా విని, చేతిలో కాగితం మడత విప్పారు.

"కావాలంటే పెట్టుకోండి. నేను అడ్డు చెప్పను. కాకపోతే మీరంతా ఆ కాలమే కావాలంటున్నారు గనక, ఆ కాలం పద్ధతిలోనే ఇద్దాం. ఒక అప్లికేషను ఫారం, రెండు ఫొటోలు. డిపాజిట్ ఎక్కువ కట్టినవాళ్లు ఓవైటీ కేటగిరీ, ముందు వస్తుంది. డాక్టర్లు, జర్నలిస్టులు స్పెషల్. తక్కినవాళ్లు జనరల్, వెయిటింగ్ లిస్టు. మూడు నిమిషాలకో కాల్ చొప్పున మీటరు తిరుగుతుంది, బిల్లు తప్పొస్తే ముందు కట్టేసి తర్వాత అర్జీ పెట్టుకోవాలి. లైను చచ్చిపోతే లైన్‌మన్ వస్తాడు."

"ఎప్పుడొస్తాడండీ?" అన్నాడు తమ్ముడు.

ఆ ప్రశ్నకు సెక్రటరీగారు నవ్విన నవ్వు ఆ కుర్రాడికి అర్థం కాలేదు. వెనక వరసలో నలుగురైదుగురు పెద్దవాళ్లకు అయింది.

జర్నలిస్టు కోటాలో నాది ముందుకు కదులుతుందనుకుంటే, పత్రిక లెటర్‌హెడ్ మీద ఎడిటరు సంతకం కావాలన్నారు. బావగారు ఓవైటీకి డిపాజిట్ కట్టి రసీదు జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు, మూడు వారాలైంది, ఇంకా ఆయన సీరియల్ నంబరు రాలేదు. అప్పట్లో టెలిఫోను కనెక్షన్లకు ఎంపీగారి కోటా ఉండేదని ఎవరో గుర్తుచేయడంతో, బీ బ్లాకువాళ్లు నిన్న ఉదయమే సిఫారసు ఉత్తరం కోసం కారులో బయల్దేరారు. ఇబ్లూరు సిగ్నల్ దాటామని ఇప్పుడే గ్రూపులో మెసేజీ పెట్టారు.