అయిదున్నర శ్రుతి

నన్ను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి వాయిస్తారు. ఎడమచేతి వేళ్లు నా మెట్లను నొక్కవు. తీగల మీద ఒక ఉక్కు కడ్డీ జారుతూ పోతుంది, అంతే. హవాయియన్ గిటారు అని నా పేరు. ఆళ్లగడ్డ పిల్లలు ‘పండుకున్న గిటారు’ అంటారు. నాకు ఆ పేరే ఇష్టం.

నేను కలకత్తాలో పుట్టాను, 1960ల చివర. తీగల మీద ఉక్కు జార్చే ఈ విద్యకు ఆద్యుడని హవాయి దీవులవాడు జోసెఫ్ కెకుకును చెప్తారు. 1940లలో టౌ మో అనే హవాయి కళాకారుడు కొన్నేళ్లు కలకత్తాలో కాపురముండి ఊరికి దీని రుచి మప్పాడు. 1967లో ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డులో బ్రిజ్ భూషణ్ కాబ్రా సంతూరు, వేణువుల పక్కన కూర్చుని నావంటి గిటారు మీదే రాగాలు పలికించాడు. గోటువాద్యం విన్న మనవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. మెట్లు లేని వీణ మీద కొయ్య కడ్డీ జార్చడం దక్షిణాదికి తెలిసిన సంగతే.

నన్ను కొన్నాయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ ఊళ్లో తెలుగు రైల్వే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. నా కడ్డీని ఆయనే లేత్ మీద తిప్పి, నునుపు తేల్చి చేసుకున్నాడు. రిటైరయ్యాక సొంతూరు నంద్యాలకు వస్తూ నన్ను రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

అప్పటి నా శ్రుతి హార్మోనియం లెక్కలో రెండు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా వరుసగా స, ప, స, గ, ప, స. కడ్డీ ఆనించకుండా మీటినా నిండు మేజర్ కార్డ్ పలికేది. సినిమా పాటలకు ఇంతకంటే ఏం కావాలి?

ఆళ్లగడ్డలో ఆయన మేనకోడలు ఉండేది. బడిపంతులమ్మ, శనివారం భజనలో ముందుండి పాడే మనిషి. ఒక శనివారం మామ నన్ను తీసుకుని బస్సెక్కాడు. ముందు మగవాళ్ల వంతు, రెండు శ్రుతిలోనే. ఒకాయన హిందోళంలో కీర్తన ఎత్తుకున్నాడు. సన్న తీగ నుంచి లెక్కిస్తే నా మూడో తీగ అంతర గాంధారంలో ఉంది, రాగానికి కావలసింది సాధారణ గాంధారం. ఎవరూ మీటకపోయినా పక్క తీగల నాదానికి అది తనంతట తాను మోగింది. ఆ ఒరిపిడి నా పొట్టలో ఇంకా గుర్తుంది. రాగం మారితే గాంధారం మారుతుంది. షడ్జమం, పంచమం మాత్రం కదలవు. కాబట్టి ఆ మూడో తీగను షడ్జమానికి దించాలి.

ఆయన బిరడా తిప్పి దించాడు. అది నాలుగు స్వరస్థానాల దిగుడు. తీగ బిగువు 63 శాతానికి పడిపోయింది. కడ్డీ బరువుకే తీగ కుంగి, స్వరం జారి, గలగలమంది. ఆ బిగువు తిరిగి రావాలంటే తీగ లావు కావాలి. అక్కడున్నది 22 గేజ్, అంటే అంగుళంలో వెయ్యింట 22 వంతుల ఉక్కు తీగ. లెక్క ప్రకారం 28 చాలు. కానీ అంత లావున చుట్టు తీగే వేస్తారు. చుట్లకూ లోపలి తీగకూ నడుమ సందులుంటాయి గనుక అది నిండు తీగకంటే తేలిక. అందుకే 30 వేయాల్సి వచ్చింది. మెడ చివర తీగలు ఆనే, మేకకాలి ఎముకతో చేసిన నా తలమెట్టులో ఆ తీగ పట్టేలా గాడిని ఆకురాయితో వెడల్పు చేశారు.

అసలు కష్టం మేనకోడలి వంతు వచ్చాక మొదలైంది.

‘‘మామా, నా గొంతు అయిదున్నర. ఇది రెండులో ఉంటే నేనెట్ల పాడాల?’’

‘‘నువ్వు పాడమ్మా, నేను ఎక్కిస్తా’’ అన్నాడు.

రెండు నుంచి అయిదున్నరకు ఆరు స్వరస్థానాలు. అంత ఎక్కిస్తే ప్రతి తీగ బిగువూ సరిగ్గా రెట్టింపవుతుంది. రెండు శ్రుతిలోనే నా ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. అయిదు దాటుతుండగానే మొదటి తీగ టప్పున తెగింది. సన్న తీగ కదా, అందుకే తెగిందనుకుని ఆయన 15 తీసేసి 17 గేజ్ వేశాడు. అదీ ఆ స్వరం దగ్గరే తెగింది. ఈసారి పొట్ట మీద తీగలను మోసే నా గుర్రం కూడా వెనకవైపు గోరంత లేచింది.

అందరూ పడే పొరపాటే ఇది, అందుకే వివరంగా చెప్తున్నాను. తీగ లావైతే బలం పెరుగుతుంది, నిజమే. కానీ అదే స్వరం పలకడానికి దాన్ని లాగాల్సిన బిగువూ అంతే పెరుగుతుంది. నిడివి మారనంత కాలం సన్న ఉక్కు తీగైనా, లావు ఉక్కు తీగైనా ఇంచుమించు ఒకే స్వరం దగ్గర తెగుతాయి. లావుతో దక్కేది నాదంలో నిండుదనం, కడ్డీ కింద నిలకడ. తెగే హద్దును నిర్ణయించేది నా ఒంటి పొడవు. గుర్రం నుంచి తలమెట్టు దాకా 25న్నర అంగుళాలు. దాన్ని నేనూ మార్చలేను, మామా మార్చలేడు.

మూడు వారాలు నన్ను గోడకు ఆనించి ఆలోచించాడు. నంద్యాల మే నెల, ఎండ దంచుతోంది. ఒకరోజు కాగితం మీద గీతలు గీసి, ఉన్నట్టుండి లేచాడు. మొదటి తీగకు షడ్జమమే ఇవ్వాలని ఎవరన్నారు? దానికి పంచమం ఇచ్చి, లావు తీగ నుంచి ప, స, ప, స, స, ప అని పేర్చితే, అయిదున్నర శ్రుతికి ఆరింట్లో అయిదు తీగలు ఒక్క స్వరస్థానం పైకో కిందికో జరిగితే చాలు. బిగువు తేడా దాదాపు పన్నెండు శాతమే. మూడో తీగ ఒక్కటి మారాలి: 30 చుట్టు తీగ పోయి, రెండో తీగకు జోడుగా 18 నిండు తీగ.

అయితే 30కి వెడల్పు చేసిన గాడిలో 18 కదలాడి జుయ్యిమంటుంది. మళ్లీ ఆళ్లగడ్డకు తెస్తే, మేనకోడలి వీధి చివర శిల్పి నన్ను ఒళ్లో పెట్టుకుని చూశాడు. ఆళ్లగడ్డ శిల్పులు ఉలి ఆనించకముందే రాయిని తట్టి నాదం వింటారు. ఈయన నల్లరాతి ముక్క ఒకటి తట్టి, పక్కన పెట్టి, ఇంకొకటి తట్టాడు. రెండోదాన్నే చిటికెనవేలి పొడవున కోసి, ఆరు గాళ్లు తీసి, నీళ్లు పోస్తూ నునుపు పట్టాడు. నా తలమెట్టుకు జిగురుండదు, తీగల బిగువుకే కూర్చుంటుంది. కాబట్టి రెండు శ్రుతికి ఎముక మెట్టు, అయిదున్నరకు రాతి మెట్టు.

ఆ శనివారం పంతులమ్మ గొంతెత్తింది. ఖాళీ తీగలు మీటితే నా పొట్ట నిండా ఆమె షడ్జమమే.

మామ పోయి చాలా ఏళ్లయింది. రాతి మెట్టు, ఎముక మెట్టు రెండూ నా పెట్టెలో పాత పట్టుగుడ్డలో ఉన్నాయి. ఇప్పుడు నన్ను వాయించేది ఆమే. మొన్న ఒక పిల్లవాడు వచ్చాడు, గొంతు మారుతున్న వయసు. ఏ శ్రుతో వాడికే తేలలేదు. ఆమె తీగల ప్యాకెట్టు విప్పకుండా పక్కన పెట్టి, నన్ను ఒళ్లోకి తీసుకుని, ‘‘ముందు నువ్వు పాడు నాయనా’’ అంది.